విజయనగరం ఉక్కపోతలో ఫ్లమెంకో గిటారు

ప్రశ్న: ఆరేళ్లుగా మామూలు క్లాసికల్ గిటారు మీదనే ఫ్లమెంకో (దక్షిణ స్పెయిన్ సంప్రదాయ సంగీతం) సాధన చేస్తున్నాను. ఇప్పుడు స్పెయిన్‌లోని గ్రనడాలో చేతితో గిటార్లు తయారుచేసే ఒక నిర్మాతకు ఆర్డరు ఇవ్వాలనుకుంటున్నాను. తెల్లదా నల్లదా, తీగలు బిగించడానికి కర్ర బిరడలా, పళ్ల చక్రాల మరలా అని ఆయన అడుగుతున్నారు. వీణ వాయించే మా అమ్మగారేమో, అంత డబ్బు పోసి పరదేశం నుంచి తెప్పించే బదులు బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస కర్రతో చేయించుకోరాదా అంటున్నారు. మన ఉక్కపోతకు ఆ గిటారు నిలుస్తుందా?
– ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: మీరు చివర అడిగిన ఉక్కపోత సంగతినే ఆ నిర్మాతకు మొదటి ఉత్తరంలో రాయండి. గిటారు చేసేవారు సాధారణంగా గాలిలో తేమ 45 నుంచి 50 శాతం మధ్య ఉండేలా చూసుకుని పలకలు అతికిస్తారు. మన తీర జిల్లాల్లో శ్రావణ భాద్రపదాల్లో తేమ అంతకంటే చాలా ఎక్కువగా ఉంటుంది కనుక, రెండు మిల్లీమీటర్ల మందం మాత్రమే ఉండే పైపలక తేమ పీల్చుకుని ఉబ్బుతుంది, దానితో తీగలూ పైకి లేస్తాయి. ఈ సంగతి ముందే తెలిస్తే ఆయన తీగల ఎత్తు సవరించుకునేందుకు వీలుగా బ్రిడ్జి (పైపలక మీద తీగలను కట్టే చెక్క) మీద ఉండే ఎముక పట్టీలను వేర్వేరు ఎత్తుల్లో రెండు మూడు చేసి పంపగలరు. నా దృష్టిలో, అలంకారంగా పొదిగే పని కోసం ఖర్చుపెట్టే డబ్బు కంటే ఈ చిన్న పట్టీల ఖరీదే మీకు ఎక్కువ అక్కరకు వస్తుంది.

తీగల ఎత్తు గురించి ఇంతగా చెప్పడానికి కారణం ఉంది. క్లాసికల్ గిటారులో పన్నెండో మెట్టు దగ్గర లావు తీగ సుమారు 4 మిల్లీమీటర్ల ఎత్తున ఉంటే, ఫ్లమెంకో గిటారులో 3 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. బ్రిడ్జి దగ్గర కూడా తీగలు పలకకు బాగా దగ్గరగా, సుమారు 8 మిల్లీమీటర్ల ఎత్తునే ఉంటాయి. గోళ్లతో పలక మీద కొట్టే ‘గోల్పె’ దెబ్బలకు చేయి సులువుగా అందడానికీ, వేళ్లను విసనకర్రలా విప్పి తీగలను ఒరిపించే వేగానికీ ఆ అమరిక అవసరం. ఆ దెబ్బలకు పలక చెడకుండా ‘గోల్పెయడార్’ అనే పలుచని రేకు అతికిస్తారు. తీగలు అంత కిందికి ఉన్నప్పుడు గట్టిగా మీటితే కొంచెం జీర పలుకుతుంది. అది ఈ వాద్యపు గొంతులో భాగమే. అది లోపమనుకుని వాద్యాన్ని తిప్పి పంపకండి.

ఇక రంగు. తెల్లదంటే వెనకా పక్కలా స్పెయిన్‌లో దొరికే సైప్రస్ అనే చెట్టు కర్రతో చేసినది. నల్లదంటే ఆ భాగాలకు ఇరుగుడు (రోజ్‌వుడ్) వాడినది. ఆ ఇరుగుడు చాలావరకు మన దేశపు చెట్టే, అంటే మీరు నల్లది కోరితే మన కర్రే సముద్రాలు దాటి వెళ్లి తిరిగి వస్తుందన్నమాట. పైపలక రెండింటికీ స్ప్రూస్ అనే తేలికపాటి కర్ర కావచ్చు. సైప్రస్ తేలిక, నాదం పొడిగా, చురుగ్గా వచ్చి వెంటనే ఆగిపోతుంది కనుక పాటకూ నాట్యానికీ పక్కన వాయించేవారు దాన్ని కోరుకుంటారు. ఇరుగుడులో నాదం ఎక్కువసేపు నిలుస్తుంది కనుక ఏకవాద్యపు కచేరీలకు బాగుంటుంది. మీరు ఇంట్లో ఒంటరిగా వాయించేవారైనా, ఆరేళ్లూ క్లాసికల్ గిటారు మీద గడిపారు కనుక, తేడా చేతికి తెలియాలంటే తెల్లదే తీసుకోండని నా సలహా. ఒకవేళ నల్లదే నచ్చితే, ఇరుగుడు జాతి మొత్తం 2017 నుంచి అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ జాబితాలో ఉన్నా, 2019 చివరి నుంచి పూర్తిగా తయారైన సంగీత వాద్యాలకు మినహాయింపు లభించింది. బ్రెజిల్ ఇరుగుడుకు మాత్రం ఈ మినహాయింపు వర్తించదు కనుక, ఎంత ఊరించినా దాని జోలికి పోకండి.

బిరడల సంగతి మీ అమ్మగారినే అడగండి. వానాకాలంలో వీణ బిరడ ఎలా బిగుసుకుపోతుందో, సుద్ద రాసి దాన్ని ఎలా లొంగదీయాలో ఆమెకు తెలుసు. కర్ర బిరడలు తల బరువును తగ్గిస్తాయి, చూడముచ్చటగానూ ఉంటాయి. అయినా మన వాతావరణంలో పళ్ల చక్రాల మరలే సుఖం. మెరుగు విషయంలో కూడా ఒక మాట చెప్పాలి: లక్కతో చేసే సంప్రదాయ మెరుగు నాదానికి మంచిదే కానీ, చెమట పట్టిన ముంజేయి ఆనిన చోట చెదిరిపోతుంది. వాయించేటప్పుడు చేతికి గుడ్డ తొడుగు వేసుకోవాలి.

ఆర్డరు ఖరారయ్యే ముందు మెడ వెడల్పు, తీగ పొడవు (650 మిల్లీమీటర్లా, 660 మిల్లీమీటర్లా అన్నది మీ వేళ్ల చాపును బట్టి), బయానా, గడువు, మధ్యలో మానుకుంటే ఎంత తిరిగి ఇస్తారన్నది రాతపూర్వకంగా తీసుకోండి. ధర యూరోలలో ఉంటుంది కనుక, ఏడాదో రెండేళ్లో ఆగి చివరి వాయిదా కట్టేనాటికి మారకపు విలువ పెరగవచ్చు. సుంకం వాద్యం ధర మీదనే కాక రవాణా, బీమా ఖర్చులను కూడా కలిపి లెక్కకడతారు. పెట్టె ఇంటికి చేరగానే విప్పక, ఒక రోజు గదిలోనే ఉంచి తెరవండి.

గొల్లపల్లి పనివారి నేర్పు గురించి సందేహం లేదు. కానీ వీణ కుండను మొద్దులోంచి తొలుస్తారు. గిటారు పక్కలనేమో పలుచని పలకలను తడిపి, వేడి గొట్టం మీద వంచి తీర్చిదిద్దుతారు. పైపలక కింద విసనకర్ర ఆకారంలో అతికించే సన్నని పట్టీల అమరిక వేరే విద్య. 19వ శతాబ్దంలో అల్మేరియాకు చెందిన ఆంటోనియో దె టోర్రెస్ దానికొక రూపం ఇచ్చారు. మీ అమ్మగారికి మరో వీణ కావాలంటే మాత్రం వారినే ఆశ్రయించండి.