టీమ్ ఈజా, టీమ్ ఆరా?

ప్రశ్న: అక్కా, అనంతపురంలో రూమ్ తీసుకుని బ్యాంకు పరీక్షలకు చదువుతున్నా. మొన్న కోచింగ్ టెస్టులో ‘ది టీమ్ ఆర్ ఫైటింగ్ ఎమాంగ్ దెమ్‌సెల్వ్స్’ తప్పనుకుని ఆర్ తీసి ఈజ్ పెట్టాను, మార్కు పోయింది. టీమ్ అంటే ఒక్కటే కదా? మళ్లీ కామెంటరీలో ‘ఇండియా ఆర్’ అంటుంటారు. టెన్షన్‌గా ఉంది, ఏది పట్టుకోవాలి?
– ఒక పాఠకుడు, గుంతకల్లు

జవాబు: తమ్ముడూ, టీమ్ ఒక్కటే, నిజమే. కానీ అక్కడ కొట్లాడుకుంటున్నది టీమ్ కాదు, అందులోని మనుషులు. తెలుగులో అని చూడు. ‘మా జట్టు గెలిచింది’ అంటాం. ‘మా జట్టు తమలో తాము కొట్లాడుకుంటోంది’ అని మాత్రం నోరు తిరగదు, ‘జట్టువాళ్లు కొట్లాడుకుంటున్నారు’ అంటాం. మనం పేరుకు ‘వాళ్లు’ తగిలిస్తాం, ఇంగ్లీషులో పేరును కదిలించకుండా క్రియను మారుస్తారు. కమిటీ తీర్మానించింది, ది కమిటీ హాజ్ డిసైడెడ్. కమిటీవాళ్లు రెండు వర్గాలయ్యారు, ది కమిటీ ఆర్ డివైడెడ్. తెలుగులో ‘వాళ్లు’ అనాలనిపించిన చోట ఆర్, హావ్ పెట్టు, చాలావరకు సరిపోతుంది.

క్రికెట్‌లో వినిపించేది బ్రిటిష్ అలవాటు. ‘ఇండియా ఆర్ 210 ఫర్ 4’ అంటే ఆడుతున్న మనుషులు, ‘ఇండియా ఈజ్ ఎ బిగ్ కంట్రీ’ అంటే దేశం. అమెరికావాళ్లు టీమ్ అన్న మాటకు దాదాపు ఎప్పుడూ ఈజే వాడతారు. మన పోటీ పరీక్షల పుస్తకాలు ఎక్కువగా పాత బ్రిటిష్ పద్ధతినే పట్టుకున్నాయి, అందుకే నీ మార్కు పోయింది. ఇంకో సంగతి, ఏది మొదలుపెడితే చివరిదాకా దాని మీదే ఉండాలి. ‘ది టీమ్ హాజ్ వన్ దేర్ మ్యాచ్’ అని సగం అటూ సగం ఇటూ పోతే పరీక్షలో తప్పుగానే లెక్క. హాజ్ అన్నాక ఇట్స్ రావాలి.

చాలామంది పడిపోయే చోటు వేరే ఉంది. ఒకసారి తాడిపత్రి రోడ్డులో మా బస్సుకు గొర్రెలు అడ్డమొచ్చాయి. భుజాన కంబళి వేసుకున్న కాపరి నడవలేని పిల్లనొకదాన్ని చంకన పెట్టుకుని వెనకాల నింపాదిగా వస్తున్నాడు, డ్రైవర్ హారన్ మీద చెయ్యి పెట్టబోతే కండక్టర్ ‘మంద పోతాంది, ఉండన్నా’ అన్నాడు. కళ్లెదురుగా వందల గొర్రెలు, అయినా ‘పోతాండాయి’ అనలేదు, ఎందుకంటే ఆయన నోట వచ్చిన మాట మంద. ఎ ఫ్లాక్ ఆఫ్ షీప్ ఈజ్ క్రాసింగ్ ది రోడ్ కూడా అంతే. పక్కనున్న షీప్‌ను చూసి ఆర్ పెట్టేస్తారు మనవాళ్లు. ఎ బంచ్ ఆఫ్ కీస్ ఈజ్ మిస్సింగ్, తాళాలగుత్తి పోయింది, పోయాయి కాదు.

అలాగే ‘చాలామంది రైతులు వచ్చారు’ అంటే ఎ నంబర్ ఆఫ్ ఫార్మర్స్ హావ్ కమ్, ‘రైతుల సంఖ్య తగ్గింది’ అంటే ది నంబర్ ఆఫ్ ఫార్మర్స్ హాజ్ కమ్ డౌన్. మన క్రియ చూస్తే చాలు.

తెలుగు మోసం చేసే మాటలు కొన్ని ఉన్నాయి, వీటిని మాత్రం బట్టీ కొట్టు. ‘పోలీసు వచ్చాడు’ అంటాం కాబట్టి ‘పోలీస్ ఈజ్ కమింగ్’ వచ్చేస్తుంది. ఇంగ్లీషులో ది పోలీస్ ఆర్, ఒక్కడే వస్తే పోలీస్‌మ్యాన్. క్యాటిల్ కూడా ఆర్. న్యూస్ దీనికి తలకిందులు, మనకు వార్తలు వస్తాయి, వాళ్లకు న్యూస్ ఈజ్.

ప్రశ్న: ‘మై ఫ్యామిలీ ఈజ్ ఇన్ ప్రొద్దుటూరు’ అన్నాను, మా ఆడపడుచు ఆర్ అనాలంది. ఎవరిది రైటు మేడమ్?
– ఒక పాఠకురాలు, కడప

జవాబు: మీదే రైటమ్మా, ఆమెది కూడా తప్పు కాదు, బ్రిటన్‌లో ఆర్ అనేవాళ్లున్నారు. ఇంటర్వ్యూలో అనుమానం వస్తే ‘మై పేరెంట్స్ ఆర్ ఇన్ ప్రొద్దుటూరు’ అనేయండి, అక్కడ ఆర్ తప్ప ఇంకోటి రాదు.