కాల్ జరిగే గదిలో నాన్నగారు ఉండకూడదు

అక్కయ్యపాలెం నుంచి 27 ఏళ్ల అబ్బాయి రాశారు: "ఐర్లాండ్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగానికి ప్రయత్నిస్తున్నాను. టెక్నికల్ ప్రశ్నలకు బాగానే చెప్తాను గానీ, రిక్రూటర్ 'వీకెండ్ ఎలా గడిచింది' అంటే నోరు పెగలదు. నాన్నగారు ఎదురుగా కూర్చుని, తడబడితే ఏమనాలో కాగితం మీద రాసి చూపిస్తారు. ఇంటికొచ్చినవాళ్లతో కూడా నా బదులు ఆయనే మాట్లాడతారు, నాకు మాటకారితనం లేదని. రిక్రూటర్‌తో ఏం మాట్లాడాలి?"

మీరడిగింది చిన్న విషయం. మొదటి వీడియో కాల్‌లో ఆ పిచ్చాపాటీ మహా అయితే రెండు మూడు నిమిషాలు. 'హౌ ఆర్ యూ' అంటే బాగున్నానని ఒక్క ముక్క చెప్పి, మీరెలా ఉన్నారని అడగండి. వీకెండ్ గురించి అడిగితే 'గుడ్' అని ఆపేయకండి, మాట అక్కడే తెగిపోతుంది. రుషికొండ వెళ్లాను, ఎండకి తట్టుకోలేక వెనక్కొచ్చేశాను అనండి. అవతలివాళ్లకి అడగడానికి ఏదో ఒకటి దొరుకుతుంది. మీరు వాళ్ల వాన సంగతి అడగండి, ఐర్లాండ్‌లో దానికెప్పుడూ కొదవ లేదు. సార్, మేడమ్ వద్దు, పేరు పెట్టి పిలవండి. పెళ్లయిందా, పిల్లలెంతమంది లాంటివి మనకు పలకరింపులు, వాళ్లకు చొరబాటు. వర్క్ పర్మిట్ కావాలా అంటే నసగకుండా కావాలని చెప్పండి. అక్కడి రిక్రూట్‌మెంట్ ఏజెన్సీకి ఫీజు కంపెనీ ఇస్తుంది. మిమ్మల్ని అడిగితే ఫోన్ పెట్టేయండి. ఇంకోటి, అక్కడ గడియారాలు మారతాయి. చలికాలంలో మనకూ వాళ్లకూ ఐదున్నర గంటల తేడా, మార్చి చివరి ఆదివారం నుంచి అక్టోబరు చివరి ఆదివారం దాకా నాలుగున్నర. ఇది చూసుకోక గంట తేడాతో కాల్ పోగొట్టుకునేవాళ్లున్నారు.

ఇవన్నీ బట్టీపట్టినా ఆ కుర్చీలో నాన్నగారు ఉన్నంతకాలం మీ నోరు పెగలదు. ఆయన రాసేదాకా మీరు మౌనం. చదవడానికి కళ్లు కెమెరా వదిలి పక్కకు పోతాయి. పక్కనెవరో జవాబులు అందిస్తున్నారని రిక్రూటర్‌కి అనుమానం వస్తే అక్కడితో సరి. మీ టెస్టింగ్ ఎంత గొప్పదైనా ముందుకు పంపరు.

మీకు మాటకారితనం లేదని రాశారు. మాట్లాడనిస్తే కదా తెలిసేది! ఎవరేమడిగినా 'మావాడు ఫలానా' అని ఆయనే అందుకుంటుంటే మీకు అలవాటెలా అవుతుంది? ఆయనది ప్రేమే, కాదనను. పెద్దాయన ముందు గొంతు లేపకపోవడం గౌరవం, సరే. 27 ఏళ్లొచ్చాక ఆయన రాసిచ్చింది చదవడం గౌరవం కాదండీ. రేపు డబ్లిన్‌లో ఇల్లు అద్దెకు మాట్లాడేదెవరు?

కాల్ రోజున గొడవ పెట్టుకోకండి. రెండు రోజుల ముందే, పొద్దున్న కాఫీ వేళ చెప్పండి: "నాన్నా, కాల్ అప్పుడు గదిలో నేనొక్కణ్నే ఉంటాను. అయ్యాక ఏమడిగారో అంతా చెప్తాను." చెప్పినట్టే చెప్పండి కూడా, లేకపోతే ఆయన తలుపు దగ్గరే నిలబడతారు. ఆయన చిన్నబుచ్చుకుంటే రెండు పూటలు ఓర్చుకోండి. అమ్మను రాయబారం పంపకండి. అప్పటికీ కుదరకపోతే ఆ అరగంటకి స్నేహితుడి గది చూసుకోండి.

రిక్రూటర్‌తో సాధన తర్వాత సంగతి. ముందు ఈ ఆదివారం బాబాయిగారో మావయ్యగారో వచ్చి "ఏం చేస్తున్నావురా?" అంటే, నాన్నగారు అందుకునేలోపు మీరే జవాబు చెప్పండి. చెప్పి, ఆ వచ్చినాయన సంగతులు ఒకటి రెండు మీరూ అడగండి.