పాత పోస్టల్ జీపు కొనాలంటే ముందు కాగితం, తర్వాతే బండి

మీరు అడిగింది ఇది కదా: డాలస్‌లో ఉంటున్నాను, పోస్టాఫీసు వాడి పక్కన పెట్టేసిన ట్రక్కు ఒకటి కొని వీకెండ్ టిఫిన్ బండిగా మార్చాలనుంది, ఎక్కడ దొరుకుతుంది అని. నేనూ డాలస్ పక్కనే ఉంటాను. మూడేళ్ల కిందట నాకూ ఇదే పిచ్చి పట్టి ఏడు నెలలు తిరిగి, చివరికి 1976 మోడల్ పోస్టల్ జీపు కొన్నాను. టిఫిన్ల కోసం కాదు, ఊరికే సరదాకి. అందుకే ఈ జవాబు కొంచెం పొడుగు.

మీ మనసులో ఉన్నది రోజూ మన వీధిలోకి వచ్చే ఆ తెల్ల డబ్బా అయితే మాత్రం ఆశ తగ్గించుకోండి. దాన్ని ఎల్‌ఎల్‌వి అంటారు, అంటే లాంగ్ లైఫ్ వెహికల్. గ్రమ్మన్ కంపెనీ 1987 నుంచి 1994 దాకా లక్షా నలభై వేలకు పైగా తయారుచేసింది. పైన అల్యూమినియం బాడీ, కింద షెవర్లే ఎస్-10 ఛాసీ. ఏసీ లేదు, ఎయిర్‌బ్యాగ్ లేదు. 24 ఏళ్లు నడిస్తే చాలనుకున్న బండిని 30 దాటినా నడిపిస్తూనే ఉన్నారు. 2024 నుంచి ఆష్‌కాష్ అనే కంపెనీ తయారుచేసే కొత్త పోస్టల్ బండ్లు దిగుతున్నాయి కదా, పాతవి మార్కెట్లోకి వస్తాయిలే అని నేనూ అనుకున్నాను. అలా రావట్లేదు. పనికొచ్చే విడిభాగాలు తీసి ఇంకా తిరుగుతున్న వాటికి వేసుకుంటారు, మిగిలిన డొక్కు ఎక్కువగా తుక్కు కిందే పోతుంది.

అయినా ఆన్‌లైన్‌లో అప్పుడప్పుడు ఒకటి కనిపిస్తుంది. ఓక్లహోమాలో ఒకాయన 4,500 డాలర్లకు పెట్టాడు. ఫొటోలు చూసి నిద్ర పట్టలేదు నాకు. టైటిల్, అంటే బండి ఓనరు ఎవరో చెప్పే సర్కారు కాగితం, దాని ఫొటో పంపమని అడిగితే మూడు రోజులు పలకలేదు. నాలుగో రోజు "టైటిల్ లేదు, బిల్ ఆఫ్ సేల్ రాసిస్తాను" అన్నాడు, అంటే అమ్మినట్టు ఒక చీటీ. అక్కడితో వదిలేశాను. పోస్టల్ బండ్లకు రాష్ట్రం నంబరు ప్లేటే ఉండదు, గమనించారా? ఏ రాష్ట్రంలోనూ రిజిస్టర్ కాని బండి అది. చేతులు మారేటప్పుడు మొదటి కాగితం సరిగ్గా పుట్టకపోతే తర్వాత ఎవరి చేతికొచ్చినా తలనొప్పే.

దొరికేది దానికి ముందు తరం, జీప్ డీజే-5. ఎల్‌ఎల్‌విలు వచ్చాక వీటిని జనానికి అమ్మేశారు కాబట్టి ఇప్పుడు మీరు కొనేది మూడో నాలుగో ఓనరు దగ్గరే. ఇండియానాలోని సౌత్ బెండ్‌లో ఏఎం జనరల్ అనే కంపెనీ తయారుచేసింది. చూడ్డానికి జీపే గానీ ఫోర్ వీల్ డ్రైవ్ కాదు, వెనక చక్రాలే లాగుతాయి. పక్కలకు జారే తలుపులు, కుడివైపు స్టీరింగ్. ఎడమవైపు సీటుండదు, ఉత్తరాల ట్రే ఉంటుంది. కొనేముందు ఏ సంవత్సరమో అడగండి. 1979 వాటిలో ఆడి వాళ్ల 2.0 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజన్ ఉంటుంది, దాని పార్టుల కోసం తిరగడం నా వల్ల కాదు. అంతకు కొన్నేళ్ల ముందువాటిలో ఏఎంసీ, అంటే అమెరికన్ మోటార్స్ వాళ్ల ఆరు సిలిండర్ల ఇంజన్. నాది అదే. ఆ ఇంజన్ కుటుంబం వేరే జీపుల్లో కూడా ఉంది కాబట్టి సామాను సులువుగా దొరుకుతుంది.

ఇంకో దారి కూడా ఉంది, చాలామందికి తట్టదు. పల్లె రూట్లలో ఉత్తరాలు పంచే రూరల్ క్యారియర్లలో చాలామంది సొంత బండి వాడతారు. వాళ్ల కోసమే కుడివైపు స్టీరింగ్‌తో జీప్ చెరోకీలు, సుబారు, శాటర్న్ వ్యాగన్లు ఇక్కడ అమ్మారు. రిటైరయ్యేవాళ్లు వాటిని అమ్మేస్తుంటారు. టైటిల్ మామూలు కారుకున్నట్టే ఉంటుంది. రోజూ నడుపుకోవడానికైతే ఇదే మంచి బేరం అని నా అభిప్రాయం.

నా జీపు అబిలీన్ దగ్గర ఒక పశువుల కొట్టంలో దొరికింది. ధర 3,200. మీటరు మీద 41 వేల మైళ్లే ఉన్నాయని అమ్మేవాడు మురిసిపోతున్నాడు. ఐదంకెల మీటరు, ఎన్నిసార్లు సున్నాకు తిరిగిందో ఎవడికి తెలుసు. అయినా పోస్టల్ బండికి మైళ్లు కాదు కొలత, ఆగి బయల్దేరడం కొలత. అడుగడుగునా ఒక పెట్టె, ఒక బ్రేకు. అందుకే బ్రేకులు, గేర్‌బాక్సు, తలుపు జారే పట్టాలు, డ్రైవరు సీటు కింద నేల చూడండి. నేను చిన్న సుత్తి పట్టుకెళ్లి వెనక స్ప్రింగులు బిగించే చోట ఛాసీని కొట్టుకుంటూ పోయాను. మంచి ఇనుమైతే ఖంగుమంటుంది. ఎడమవైపు ఒకచోట అట్టపెట్టెను కొట్టినట్టు చప్పుడొచ్చింది, తుప్పు పొర రాలి నా మోచేతి మీద పడింది. అరచేయంత చోటు వెల్డింగ్ చేయించాలి. దానికే 400 తగ్గించాడు. మంచు రోడ్ల మీద ఉప్పు చల్లే రాష్ట్రాల నుంచి వచ్చిన బండైతే ఆ సుత్తికి ఇంకా పని ఉంటుంది.

అసలు కథ టైటిల్ దగ్గర. అది అతని తండ్రి పేరు మీద ఉంది, ఆయన పోయి ఆరేళ్లు. "ఏం కాదు, నేను సంతకం పెడతాలే" అన్నాడు. అలా కుదరదు. టెక్సాస్‌లో వీలునామా కోర్టుకెక్కని కేసుల్లో వారసులందరూ నోటరీ ముందు సంతకం చేసే అఫిడవిట్ ఒకటుంది. లబక్‌లో ఉన్న వాళ్ల చెల్లెలు సంతకం పెట్టేదాకా నేను డాలరు కూడా ఇవ్వలేదు. రెండు నెలలు పట్టింది. తర్వాత కౌంటీ ఆఫీసులో కంప్యూటర్ బండి నంబరు తీసుకోలేదు. 1981కి ముందు బండ్లకు 17 అక్షరాల నంబరు ఉండదని కౌంటర్లో అమ్మాయికి చెప్పి, పాత టైటిల్ చూపించి, సూపర్‌వైజర్ వచ్చేదాకా కూర్చున్నాను. టైటిల్ అసలే లేకపోతే బాండెడ్ టైటిల్ అని మరో పద్ధతి ఉంది, బండి విలువకు ఒకటిన్నర రెట్లకు బాండు, అంటే పూచీకత్తు, ఇవ్వాలి. బండి మరీ నచ్చితే తప్ప అటు పోకండి.

బండి మీద పోస్టాఫీసు గుర్తులు, "యునైటెడ్ స్టేట్స్ మెయిల్" అనే మాటలు ఉంటే చెరిపేయండి. ఉత్తరాలు మోయని బండి మీద ఆ మాటలు రాయడం ఫెడరల్ నేరం. ఆ సెక్షన్‌లో గుర్రపు బగ్గీల ప్రస్తావన కూడా ఉంటుంది, అంత పాతది.

ఇక మీ టిఫిన్ల సంగతి. డీజే-5లో దోసె పెనం పెడితే మీరు బయట నిలబడాలి. ఎల్‌ఎల్‌వి దొరికినా అది మోసేది వెయ్యి పౌండ్లే. గ్రిల్లు, నీళ్ల ట్యాంకు, జనరేటరు, ఇద్దరు మనుషులు ఎక్కితే అయిపోయింది. బ్రెడ్డు కంపెనీలు, కొరియర్ వాళ్లు అమ్మే పాత స్టెప్ వ్యాన్ చూడండి, లోపల నిటారుగా నిలబడొచ్చు.

నడపడం గురించి ఒక్కటి. కుడివైపు స్టీరింగ్ మనకు అలవాటే అనుకుంటాం, ప్రమాదం అక్కడే. మా నాన్న ఒంగోలు నుంచి వచ్చినప్పుడు ఖాళీ పార్కింగ్ లాట్‌లో ఎక్కించాను. "ఇన్నాళ్లకి సరైన బండి కొన్నావురా" అని హాయిగా బయల్దేరి, మలుపు తిరగ్గానే తిన్నగా ఎడమవైపుకి పట్టాడు. నవ్వాను గానీ, మొదటి వారం నేనూ రెండుసార్లు అదే పని చేశాను, అదీ రోడ్డు మీద. ఎదురుగా వచ్చినాయన హారన్ కొట్టాడు కాబట్టి సరిపోయింది.