లారీ కొంటానంటున్న అబ్బాయికి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివాను, ఫొటోలూ చూశాను. సైన్యం వేలం వేసిన ఎం35ఏ2 అనే అమెరికన్ సైనిక లారీ కొంటావన్నమాట. చూడముచ్చటైన బండే, కాదనను. రెండున్నర టన్నుల లారీ అంటారని తేలిగ్గా తీసుకోకు. ఆ రెండున్నర టన్నులు దారీ తెన్నూ లేని నేల మీద అది మోసే సరుకు బరువు. ఖాళీ బండే దాదాపు ఆరు టన్నులు తూగుతుంది. నీ లైసెన్సు ఆ బరువుకు చెల్లుతుందో లేదో, కాగితాలు నీ పేరుకు మారతాయో లేదో ముందు తేల్చుకో. కాగితాలు లేని బండి ఎంత చవకగా వచ్చినా పాత ఇనుమే.

మీటరు మీద తక్కువ మైళ్ళు ఉన్నాయని మురిసిపోయావు. నాకు భయం వేసింది అక్కడే. ఈ లారీలు తిరిగి అరిగిపోయేవి కావు, నిలబడి చెడిపోయేవి. ఏళ్ళ తరబడి కదలకుండా ఉంటే రబ్బరు ఎండుతుంది, సీళ్ళు కారతాయి, ఇంధనం ట్యాంకులో నీళ్ళు చేరతాయి. టైరు మీద గాడులు కొత్తగా కనిపిస్తే సంతోషపడకు. పక్క గోడ మీద తయారీ తేదీ వెతుకు. 2000 తర్వాతి టైర్లకు చివరి నాలుగు అంకెల్లో వారం, సంవత్సరం ఉంటాయి.

చూడటానికి వెళ్ళేటప్పుడు ముందు రోజే చెప్పు, ఇంజను స్టార్ట్ చేసి ఉంచవద్దని. వెళ్ళగానే ఇంజను మీద చెయ్యి పెట్టు. వెచ్చగా తగిలితే ఏదో దాస్తున్నారని అర్థం. డిప్‌స్టిక్ తీసి చూడు. నూనె పాలు కలిపిన కాఫీలా ఉంటే అందులోకి నీళ్ళు దిగాయి, మారు మాట్లాడకుండా వచ్చెయ్యి. చల్లని ఇంజను మొదట కాస్త తెల్లపొగ వదిలితే తప్పు లేదు. వేడెక్కాక కూడా నీలిపొగ ఆగకపోతే ఆయిలు తాగుతోందన్నమాట. దాన్ని మల్టీఫ్యూయల్ ఇంజను అంటారు కదా, ఏది పోసినా నడుస్తుందని చెప్పేవాళ్ళు చాలామంది దొరుకుతారు. నువ్వు మాత్రం శుభ్రమైన డీజిలే పొయ్యి.

ఇక బ్రేకులు. ఇది నిదానంగా చదువు. ఈ బండిలో గాలి సాయంతో పనిచేసే హైడ్రాలిక్ బ్రేకులు, అన్ని చక్రాలకూ కలిపి ఒకే సర్క్యూట్. చక్రం దగ్గర బ్రేకును నొక్కే వీల్ సిలిండరు ఒక్కటి కారితే చాలు, మొత్తం బ్రేకు పోతుంది. నా మొదటి బండి దిగుడు దారిలో అలాగే చేసింది. పెడలు ఒక్కసారిగా నేలకు అంటుకుపోయింది. గేర్లు తగ్గించుకుంటూ, చేతి బ్రేకు లాగుతూ, చివరికి మట్టిగట్టుకు ఆనించి ఆపాను. దిగాక కాళ్ళు వణికి కాసేపు అక్కడే కూర్చుండిపోయాను. అందుకే కొన్న వారంలోనే ఆరు బ్రేకు డ్రమ్ములూ విప్పించు. వీల్ సిలిండర్లు, గొట్టాలు, మాస్టర్ సిలిండరు అన్నీ చూపించు. ఏనుగును కొని అంకుశం దగ్గర పిసినారితనం చూపకు. బ్రేకు ద్రవం సిలికాన్‌దా, మామూలుదా తెలుసుకో. సిలికాన్ రకం డబ్బా మీద డాట్ 5 అని ఉంటుంది. అది మామూలు రకమైన డాట్ 3తో కలవదు. డబ్బా మీద 5.1 అని ఉంటే అది సిలికాన్ కాదు, పొరబడకు.

చక్రాల సంగతిలో రెండు మాటలు. ఎడమవైపు నట్లకు ఎడమ మరలు ఉంటాయి, అంటే ఊడదీయాలంటే మామూలుకు ఎదురు దిక్కున తిప్పాలి. నట్టు ఎక్కే స్టడ్డు కొనమీద ఎల్ అని చెక్కి ఉందేమో చూసి తిప్పు. చూడకుండా గట్టిగా లాగి రెండు స్టడ్లు విరిచినవాణ్ణి నాకు తెలుసు, ఆ ఘనుడు నేనే. రెండోది, టైరును రిమ్ము మీద పట్టి ఉంచే లాక్ రింగు. గాలి కొట్టేటప్పుడు అది ఎగిరితే మనిషి ప్రాణం తీస్తుంది. ఇనుప బోనులో పెట్టి గాలి కొట్టే చోటికే పట్టుకెళ్ళు.

కరెంటు 24 వోల్టులు, 12 వోల్టుల బ్యాటరీలు రెండు వరుసగా కలిపి ఉంటాయి. నీ మనసు రేడియో పెట్టుకోమంటుంది. ఒకే బ్యాటరీ నుంచి తీగ లాగావో, ఒకటి ఖాళీ అవుతూ, మరొకటి నిండిపోతూ రెండూ పాడవుతాయి. 24ను 12కు దించే కన్వర్టరు పెట్టుకో.

వారాల తరబడి నిలబెట్టకు. పదిహేను రోజులకోసారి ఇంజను బాగా వేడెక్కేదాకా రోడ్డు మీద తిప్పు. ఇంటి ముందు నిలబెట్టి బర్రుమనిపిస్తే చాలదు. సాయంత్రం ఆపాక గాలి ట్యాంకు కింది ట్యాపు తిప్పి నీళ్ళు వదిలెయ్యి. గ్రీజు పెట్టవలసిన చోట్లన్నీ సైన్యం వాళ్ళ మాన్యువల్లో బొమ్మలతో సహా ఉంటాయి. టీఎం (టెక్నికల్ మాన్యువల్) 9-2320-209 వరుస పుస్తకాలు వెతికి సంపాదించు. నా మాటల కంటే అవే నమ్మదగ్గవి.

చూడటానికి ఎప్పుడు వెళ్తున్నావో రాయి, నేనూ వస్తాను. కింద పరుచుకోవడానికి ఒక గోనెసంచి, ఒక టార్చిలైటు తెచ్చుకో. ఇంజను మాత్రం నేను వచ్చేదాకా ఎవరినీ ముట్టుకోనివ్వకు.

నీ బాబాయి