టెక్ సందేహాలు: మస్టాంగ్ దిగి ప్లగ్-ఇన్ హైబ్రిడ్ ఎక్కాలంటే

ప్రశ్న: నమస్తే సార్. మేం డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాం. నాది 2019 మస్టాంగ్ జీటీ, మాన్యువల్ గేర్లు. ఉద్యోగం వచ్చాక నా డబ్బుతో కొనుక్కున్న మొదటి కారు. బాబుకు మూడేళ్లు, నవంబరులో ఇంకొకరు రాబోతున్నారు. అమ్మానాన్న ఖమ్మం నుంచి వచ్చి ఆర్నెల్లు ఉంటారు. ఆఫీసు రిచర్డ్‌సన్‌లో, రానూపోనూ 34 మైళ్లు. అక్క వాళ్లు హ్యూస్టన్‌లో ఉంటారు. పూర్తి ఎలక్ట్రిక్ కారైతే ఆ దారిలో ఛార్జింగ్ గొడవని మా ఆవిడ ఒప్పుకోవట్లేదు. అందుకే ఇంట్లో ప్లగ్ పెట్టి ఛార్జ్ చేసుకునే, పెట్రోలుతోనూ నడిచే ప్లగ్-ఇన్ హైబ్రిడ్ అనుకుంటున్నాం. టొయోటా రావ్4, మాజ్డా సీఎక్స్-90, వోల్వో ఎక్స్‌సీ90, క్రైస్లర్ పసిఫికా చూశాం. పికప్ మరీ చచ్చుగా ఉండకూడదు. ఏది తీసుకోమంటారు? మస్టాంగ్ అమ్మేయాలా?

జవాబు: పసిఫికా తీసుకోండి. మస్టాంగ్ నడిపిన మనిషికి మినీవ్యాన్ చెబుతున్నానని నొచ్చుకోకండి. ఎందుకో వివరంగా చెబుతాను.

ముందు తలలు లెక్కపెట్టుకోండి. నవంబరు తర్వాత మీ ఇంట్లో ఆరుగురు. రావ్4 ప్లగ్-ఇన్ బ్రహ్మాండమైన బండి. 2025 మోడల్‌కు 302 హార్స్‌పవర్, 60 మైళ్ల వేగానికి 5.7 సెకన్లు, కరెంటు మీదే 42 మైళ్లు. మీరు నలుగురే అయితే ఇంకో మాట లేకుండా అదే చెప్పేవాణ్ని. కానీ ఉన్నవి ఐదు సీట్లే.

ఇక మాజ్డా, వోల్వో లాంటి మూడు వరసల ఎస్‌యూవీలు. వీటి అసలు ఇబ్బంది బ్రోచర్‌లో కనపడదు. పోయినేడు ఓ మిత్రుడితో షోరూమ్‌కు వెళ్లాను. వాళ్లమ్మగారు కూడా వచ్చారు. మధ్య వరసలో పిల్లల సీట్లు రెండూ బిగించి చూద్దామన్నాను. బిగించాక మధ్య సీటు ముందుకు మడవడానికి రాలేదు. పెద్దావిడ వెనక్కి వెళ్లాలంటే పక్క సందులోంచి దూరాలి. ఒక చేత్తో కుచ్చెళ్లు పట్టుకుని, రెండో చేత్తో పైన హ్యాండిల్ అందుకుని, కాలు ఎత్తబోయి సగంలో ఆగిపోయారు. మోకాలు మడతపడలేదు. "మీరు వెళ్లి రండి నాన్నా, నేను ఇంట్లో ఉంటాలే" అన్నారు. ఆ మాట విన్నప్పటి నుంచి కుటుంబం కోసం కారు అడిగిన ప్రతివాళ్లకూ నేను చెప్పేది ఒకటే: టెస్ట్ డ్రైవ్‌కు ఇంట్లో పెద్దవాళ్లనూ, పిల్లల సీట్లనూ వెంట తీసుకెళ్లండి. పసిఫికాలో తలుపు పక్కకు జరుగుతుంది, ఫ్లోరు కిందికి ఉంటుంది, మధ్య సీట్ల నడుమ ఖాళీలోంచి వెనక్కి నడిచి వెళ్లిపోవచ్చు.

ఇప్పుడు మీ పికప్ సంగతి. ప్లగ్-ఇన్ హైబ్రిడ్ కొంటున్నామంటే ఒకే రేకు కింద రెండు కార్లు కొంటున్నట్టు. ఛార్జింగ్ ఉన్నప్పుడు ఒక కారు, అయిపోయాక ఇంకో కారు. షోరూమ్ వాళ్లు ఎప్పుడూ నిండా ఛార్జింగ్ పెట్టి మొదటిదే చూపిస్తారు. మీరు రెండోదాన్ని అడగాలి.

ఉదాహరణకు వోల్వో ఎక్స్‌సీ90 ప్లగ్-ఇన్ మోడల్ టీ8 సంగతి చూడండి. దాని 455 హార్స్‌పవర్‌లో 312 ముందున్న రెండు లీటర్ల పెట్రోలు ఇంజనుది, 143 వెనక చక్రాలు తిప్పే మోటారుది. రెండూ కలిసి లాగితే వెన్ను సీటుకు అతుక్కుంటుంది. బ్యాటరీ అడుగంటాక కారు కొంత రిజర్వు దాచుకుంటుంది కానీ, గట్టిగా తొక్కుతూ ఉంటే అది ఎంతోసేపు నిలవదు. అప్పుడు రెండు టన్నులు దాటిన బరువును ఆ చిన్న ఇంజనే ఈడ్చాలి. కాబట్టి బ్యాటరీ ఖాళీ చేయించి, 75 హైవే మీదకు ర్యాంపు ఎక్కే చోట ఒక్కసారి పూర్తిగా తొక్కి చూడండి. మీ చెవులు మస్టాంగ్ ఎనిమిది సిలిండర్ల వీ8 ఇంజనుకు అలవాటుపడ్డవి. ఇంజను అరుపు ఒకటీ, బండి కదలిక ఇంకొకటీ అనిపిస్తే మీకు మొదటి వారంలోనే మొహం మొత్తుతుంది.

ఈ పరీక్షలో మీకు ఎక్కువ నచ్చేది బహుశా మాజ్డానే. ఎనిమిది గేర్లున్న ఆటోమేటిక్, స్టీరింగ్‌లో ప్రాణం ఉంటుంది, ఖరీదైన పెట్రోలు పోస్తే 323 హార్స్‌పవర్. కానీ కరెంటు మీద వెళ్లేది 26 మైళ్లే. మీకు రోజూ కావలసింది 34. ఆఫీసులో ఛార్జర్ ఉంటే తప్ప సాయంత్రం ఇంటికి వచ్చే దారిలో ఇంజను తప్పదు. పైగా వెనక వరసలో పెద్దవాళ్లకు సుఖం లేదు. స్టీరింగ్ కోసం అమ్మానాన్నను వెనక ఇరికించి హ్యూస్టన్ దాకా తీసుకెళ్లమని నేను చెప్పలేను.

పసిఫికా హైబ్రిడ్‌లో 16 యూనిట్ల బ్యాటరీ ఉంటుంది. అమెరికా ప్రభుత్వ సంస్థ ఈపీఏ లెక్కలో 32 మైళ్లు. మీ రోజుకు దాదాపు సరిపోతుంది. 3.6 లీటర్ల వీ6, మోటార్లు కలిపి 260 హార్స్‌పవర్. మస్టాంగ్ 460తో దీనికి పోటీ లేదు, ఉందని నేను మభ్యపెట్టను. అయితే సాయంత్రం ఆరింటికి 75 మీద ఇంచించుగా పాకే ట్రాఫిక్‌లో, క్లచ్ తొక్కీ తొక్కీ ఎడమ పిక్క పీకుతుండగా, ఆ 460లో మీరు వాడుతున్నది ఎంత? అక్కడ చప్పుడు లేకుండా సాగే మోటారు నిజంగా హాయి. పడుకున్న పసిపాప లేవదు.

ఖర్చు లెక్క కూడా చూద్దాం. మీ జీటీ మాన్యువల్‌కు ఈపీఏ సగటు గ్యాలన్‌కు 18 మైళ్లు. గ్యాలన్ 3 డాలర్లు అనుకుంటే 34 మైళ్లకు ఐదున్నర డాలర్ల పైమాటే. పసిఫికాకు వంద మైళ్లకు 41 యూనిట్లు అవుతాయి. యూనిట్ 15 సెంట్లు అనుకుంటే అదే దూరం సుమారు రెండు డాలర్లు. కానీ రోజూ ప్లగ్ పెడితేనే. పెట్టని ప్లగ్-ఇన్ హైబ్రిడ్ అంటే బ్యాటరీ బరువును ఊరికే మోసుకు తిరగడమే. గరాజ్‌లో మామూలు 120 వోల్టుల సాకెట్‌కు పెడితే నిండడానికి పద్నాలుగు గంటల దాకా పడుతుంది. రాత్రి తొమ్మిదికి పెడితే పొద్దున ఏడుకు నిండదు. 240 వోల్టుల లైను లాగిస్తే రెండు గంటల పని. లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి. ఎక్స్‌టెన్షన్ తీగలు వద్దు. మొదటి వారం రోజులు, ఛార్జింగ్ మొదలైన గంటకు వెళ్లి ప్లగ్ తల మీద వేలు పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు, వేలు ఉంచలేనంత వేడిగా ఉంటే వెంటనే ఆపి సాకెట్ మార్పించండి.

కొనేముందు తెలియాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. పెట్రోలు పసిఫికాలో మధ్య సీట్లు నేలలోకి మడిచి దాచొచ్చు. హైబ్రిడ్‌లో ఆ గుంతల్లో బ్యాటరీ కూర్చుంది. పెద్ద సామాను వేయాలంటే సీట్లు ఊడదీసి గరాజ్‌లో పెట్టుకోవాల్సిందే. కరెంటు మీదే నడపమని చెప్పే బటన్ లేదు, కారే నిర్ణయించుకుంటుంది. చలికాలంలో హీటర్ వేస్తే ఇంజను లేస్తుంది. చాన్నాళ్లు పెట్రోలు వాడకపోతే, అది పాతబడకుండా కారు తనంతట తనే ఇంజను నడిపేస్తుంది. చెడిపోయిందని కంగారుపడకండి.

ఇది మాత్రం శ్రద్ధగా చదవండి. 2017, 2018 పసిఫికా హైబ్రిడ్లకు మంటల ప్రమాదం ఉందని, ఇంటికి దూరంగా ఆరుబయట పెట్టుకోవాలని, ఛార్జింగ్ పెట్టొద్దని కంపెనీ 2022లో హెచ్చరించి రికాల్ చేసింది. 2024లో 2021 మోడళ్ల దాకా మళ్లీ బ్యాటరీ రికాల్ వచ్చింది. అందుకని 2022కు ముందువాటి జోలికి వెళ్లకండి. తర్వాతి మోడలైనా సరే, రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ వెబ్‌సైట్‌లో బండి 17 అక్షరాల గుర్తింపు నంబరు (విన్) కొట్టి, పెండింగ్ రికాల్ లేదని తెలిశాకే అడ్వాన్స్ ఇవ్వండి. ఎలాగూ క్రైస్లర్ మాతృసంస్థ స్టెల్లాంటిస్ 2026 మోడల్ ఏడాది నుంచి ఉత్తర అమెరికాలో ప్లగ్-ఇన్‌లు ఆపేస్తున్నట్టు ప్రకటించింది. కాబట్టి మీరు చూడాల్సింది మిగిలిన 2025 బండ్లో, రెండు మూడేళ్లు వాడినవో. బ్యాటరీ వారంటీ ఎన్నేళ్లు మిగిలిందో కాగితంలో చూసుకోండి. 7,500 డాలర్ల ఫెడరల్ పన్ను రాయితీ 2025 సెప్టెంబరు 30తో అయిపోయింది. ఇంకా ఉందన్నట్టు మాట్లాడే సేల్స్‌మన్‌ను నమ్మొద్దు. పూర్తి ఎలక్ట్రిక్ కార్లకు టెక్సాస్ ఏటా వసూలు చేసే 200 డాలర్ల రుసుము మాత్రం ప్లగ్-ఇన్‌కు లేదు.

మస్టాంగ్ అప్పుడే అమ్మకండి. వ్యాన్ ముందు కొని, పాప పుట్టాక రెండు నెలలు గడవనివ్వండి. నిద్రలేని రోజుల్లో తీసుకున్న నిర్ణయానికి తర్వాత బాధపడతారు. ఆ రెండు నెలల్లో దాని తాళం ఎన్నిసార్లు తీశారో మీకే తెలుస్తుంది. రెండు ఇన్సూరెన్సులు భారం కాకపోతే ఆదివారం పొద్దున బాబును పక్కింటిదాకా తిప్పడానికైనా ఉంచుకోవచ్చేమో అనిపిస్తుంది, కానీ వెనక సీట్లో పిల్లల సీటు బిగించి చూడండి. వెనక్కి తిరిగిన శిశువు సీటు అందులో పెట్టాలంటే ముందు సీటు బాగా ముందుకు జరపాలి. అది భరించగలిగితే ఉంచండి, లేకపోతే మంచి మనిషికి అమ్మండి.

ప్రశ్న: హైదరాబాద్ కొండాపూర్‌లో ఉంటాం. నా దగ్గర స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ 230 ఉంది. ఏడుగురికి సరిపోయే ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌కు మారదామనుకుంటున్నా. ఇన్నోవా హైక్రాస్ అదేనా?

జవాబు: కాదు. హైక్రాస్ హైబ్రిడ్‌కు ప్లగ్ లేదు. దాని నికెల్ బ్యాటరీ బ్రేకు వేసినప్పుడూ, ఇంజను తిరిగేటప్పుడూ తనే నిండుతుంది, మీరు ఎక్కడా తీగ తగిలించక్కర్లేదు. ఇక్కడ ప్లగ్-ఇన్ అంటే బీఎండబ్ల్యూ ఎం5, ఎక్స్‌ఎం లాంటి కోట్ల ఖరీదు బండ్లే ఎక్కువగా కనిపిస్తాయి. మీ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఛార్జింగ్ పాయింట్ లేకపోతే హైక్రాసే తెలివైన పని. కంపెనీ చెప్పే మైలేజీ లీటరుకు 23.24 కిలోమీటర్లు, ఊళ్లో ట్రాఫిక్‌లోనే హైబ్రిడ్ గుణం బాగా తెలుస్తుంది. ఆర్‌ఎస్ మలుపుల్లో ఇచ్చే ధీమా ఇందులో వెతక్కండి, బండి ఎత్తూ బరువూ ఒప్పుకోవు. పాయింట్ ఉంటే మాత్రం ఏడు సీట్ల పూర్తి ఎలక్ట్రిక్‌లు కూడా ఒకసారి నడిపి చూశాకే తేల్చుకోండి.

ప్రశ్న: న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి రాస్తున్నా. మూడు నెలలు విజయవాడ వెళ్తున్నాం. ప్లగ్-ఇన్ కారును గరాజ్‌లో ఎలా వదలాలి?

జవాబు: పెద్ద బ్యాటరీని నిండుగానూ, ఖాళీగానూ వదలకండి, సగం దగ్గర ఉంచండి. నిజానికి ముందు ప్రాణం పోయేది దానిది కాదు, మామూలు 12 వోల్టుల చిన్న బ్యాటరీది. అది పడిపోతే తలుపు కూడా రిమోట్‌తో తెరుచుకోదు. మీ కారు సూచనల పుస్తకం అనుమతిస్తే ఆ చిన్నదానికి మెయింటెయినర్ (ఛార్జింగ్ పడిపోకుండా చూసే చిన్న ఛార్జర్) తగిలించి వెళ్లండి. టైర్లలో గాలి చూసుకోండి, రిమోట్ లోపల దాగున్న ఇనుప తాళంచెవి ఎలా బయటికి తీయాలో వెళ్లేలోపు ఒకసారి తీసి చూడండి.