‘అప్పుడు ఏమీ లేదన్నారు, ఇప్పుడు గట్టిపడింది’

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. కూకట్‌పల్లిలో హాస్టల్‌లో ఉంటూ ఉద్యోగం చేస్తున్నాను. ఎనిమిది నెలల క్రితం కుడి వృషణం పైన శనగగింజంత గడ్డ చేతికి తగిలింది. స్కాన్ తీసి, నీటి తిత్తి, భయం లేదన్నారు. రెండు నెలలుగా అది పెరిగి గట్టిపడింది. నొప్పి లేదు. ‘చెప్పాం కదా, మళ్లీ ఎందుకొచ్చావు’ అంటారేమోనని మొహమాటం. మాఘంలో పెళ్లి. ఇంట్లో చెప్పలేదు. ఏం చేయను?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ఈ వారమే వెళ్లండి. సెలవు దొరకలేదని వాయిదా వేయకండి. అప్పటి రిపోర్టు తప్పని నేననడం లేదు. అది అప్పటి గడ్డ గురించి చెప్పింది. మారిన గడ్డకు మళ్లీ పరీక్ష కావాలి. ఇది ఇప్పటికీ నీటి తిత్తే కావచ్చు, అవి కూడా మెల్లగా పెరుగుతాయి. కానీ గట్టిపడిందంటున్నారు, అదే నన్ను తొందరపెడుతోంది. నొప్పి లేదని ధైర్యపడకండి. వృషణాల క్యాన్సర్ ఎక్కువగా మీ వయసు వాళ్లలోనే, చాలాసార్లు నొప్పి లేని గట్టి గడ్డగానే మొదలవుతుంది.

మొహమాటం నాకు తెలుసు. నా దగ్గరికి వచ్చే కుర్రాళ్లు గ్యాస్ అనీ, నడుం నొప్పి అనీ అంతా చెప్పి, తలుపు దాకా వెళ్లాక వెనక్కి తిరిగి అసలు సంగతి చెబుతారు. నోరు రాకపోతే చీటీ మీద రాసి ఇవ్వండి. నిమ్స్, ఉస్మానియా, గాంధీ మూడింటిలోనూ యూరాలజీ (మూత్ర, పురుష జననాంగ సమస్యలు చూసే) విభాగాలున్నాయి. పాత డాక్టరు దగ్గరికే వెళ్లాలని లేదు.

డాక్టరు చేత్తో చూస్తారు. గడ్డ వృషణంలోనే ఉందా, పక్కన విడిగా ఉందా అన్నది ముఖ్యం. తర్వాత డాప్లర్ స్కాన్, అంటే రక్తప్రసరణను కూడా చూపే అల్ట్రాసౌండ్. దానికి నొప్పి ఉండదు, రేడియేషన్ ఉండదు. అనుమానముంటే ఏఎఫ్‌పీ, బీటా హెచ్‌సీజీ, ఎల్‌డీహెచ్ అనే రక్తపరీక్షలు రాస్తారు. అవి నార్మల్‌గా వచ్చినంత మాత్రాన క్యాన్సర్ లేదని తేల్చరు. క్యాన్సర్ అనుమానం ఉన్న గడ్డకు వృషణ సంచిలోంచి సూది గుచ్చి ముక్క తీయరు. గజ్జల దగ్గర కోసి వృషణాన్ని తీస్తారు. వినడానికి భయంగా ఉంటుంది, కానీ వృషణం దాటకముందే పట్టుకుంటే నూటికి 95 మందికి పైగా నయమవుతుంది. రెండోది బాగుంటే కాపురానికి, పిల్లలకు సాధారణంగా ఇబ్బంది రాదు. చికిత్సకు ముందే వీర్యం భద్రపరుచుకునే వీలూ ఉంది. అందుకే ‘పెళ్లయ్యాక చూద్దాం’ అనుకోకండి.

ఈలోగా రోజూ నొక్కి చూడకండి, పసర్లు పూయకండి. ఉన్నట్టుండి తీవ్రమైన నొప్పి వస్తే మాత్రం అర్ధరాత్రయినా ఎమర్జెన్సీకి పరుగెత్తండి. వృషణం మెలిపడితే గంటల్లోనే దెబ్బతింటుంది.

వెళ్లేటప్పుడు పాత రిపోర్టు, ఫిల్ములు పట్టుకెళ్లండి. స్కాన్ గదిలో వాటిని చూపించి, అప్పటి కొలతతో పోల్చి రాయమని అడగండి.