కొల్లాయిడల్ సిల్వర్ తాగడం ఆపించండి

మీ అమ్మగారు జలుబు రాకుండా రెండు నెలలుగా రోజూ ఒక చెంచా కొల్లాయిడల్ సిల్వర్ (సన్నటి వెండి రేణువులు కలిపిన ద్రవం) తాగుతున్నారని, థైరాయిడ్ మాత్ర కూడా వేసుకుంటారని రాశారు. ముందు ఆ సీసా పక్కన పెట్టించండి. వెండి మన ఒంటికి అవసరమైన ఖనిజం కాదు. లోపలికి తీసుకుంటే జబ్బు తగ్గుతుందనడానికి సరైన ఆధారం లేదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1999లోనే తేల్చింది.

అసలు భయం ఆర్జీరియా. ఒంట్లో చేరిన వెండి చర్మంలో పేరుకుని, వెలుతురు తగిలి నల్లబడుతుంది, పాత ఫొటో ఫిల్మ్‌లో జరిగినట్టే. ముఖం, గోళ్లు నీలి బూడిద రంగుకు తిరుగుతాయి. తాగడం మానేసినా ఆ రంగు సాధారణంగా పోదు. రెండు నెలలకే అలా అవుతుందని టెన్షన్ పడకండి, గోళ్లు, చిగుళ్లు మాత్రం ఒకసారి చూడండి.

థైరాక్సిన్‌తో (సాధారణంగా థైరాయిడ్ మాత్రలో ఉండే మందు) పాటు కొన్ని యాంటీబయాటిక్స్ కూడా వెండి వల్ల ఒంటికి సరిగ్గా పట్టకపోవచ్చు. కాబట్టి డాక్టరుకు దాచకుండా చెప్పి, థైరాయిడ్ పనితీరు చూసే టీఎస్‌హెచ్ రక్తపరీక్ష చేయించాలేమో అడగండి. థైరాయిడ్ మాత్ర మాత్రం ఆపొద్దు.

కాలిన గాయాలకు డాక్టర్లు వెండి క్రీమ్ రాస్తారుగా అంటారేమో. అది పైపూతండీ, తాగేది కాదు.